పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు: కూలిడ్జ్ ఓడను ఎన్ని డైవ్‌లలో చూడాలి?

సముద్రంలో మునిగిపోయిన ఓడల దగ్గర స్కూబా డైవింగ్ చేయడం గురించి ఈ శీర్షికకు కొంతకాలంగా ఉత్తరాలు వస్తున్నాయి. వాటిలో సగానికి పైగా దక్షిణ పసిఫిక్‌లోని వనువాటు దేశంలో, ఎస్పిరిటు శాంటో ద్వీపం ఒడ్డున మునిగి ఉన్న ప్రెసిడెంట్ కూలిడ్జ్ అనే, రెండవ ప్రపంచయుద్ధంలో సైనికులను మోసిన అమెరికా ఓడ గురించే అడుగుతున్నాయి. మామూలు డైవర్లు వెళ్లి చూడగలిగిన ఓడల్లో ఇంత పెద్దవి ప్రపంచంలో చాలా కొద్దిగా ఉన్నాయి కనుక ఈసారి శీర్షికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: నేనూ నా భార్యా బ్రిస్బేన్‌లో ఉంటున్నాము. ఇద్దరికీ అడ్వాన్స్‌డ్ ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ ఉంది. జూలైలో వారం రోజులు వనువాటు వెళ్తున్నాము కానీ, శాంటో ద్వీపానికి ఒక్క రోజే కేటాయించగలుగుతున్నాము. ఆ రోజు రెండు డైవ్‌లు చేసి ఓడను ముందు నుంచి వెనుక దాకా చూసి రావచ్చునా?
— ఒక పాఠకుడు, బ్రిస్బేన్

సమాధానం: చూడలేరు. అందుకు ప్రయత్నించవద్దని కూడా గట్టిగా చెబుతున్నాను.

ఈ ఓడ పొడవు 654 అడుగులు, అంటే దాదాపు 199 మీటర్లు. అయితే ఇక్కడ లెక్కలోకి వచ్చేది పొడవు కాదు, వాలు. ఒడ్డు నుంచి లోతుకు జారిపోయే సముద్రపు వాలు మీద అది ఎడమ పక్కకు ఒరిగి పడుకుని ఉంది. ముందు భాగం సుమారు 20 మీటర్ల లోతులో ఉంటే, వెనుక భాగం సుమారు 70 మీటర్ల లోతుకు చేరింది. కాబట్టి ఓడను ఈ చివరి నుంచి ఆ చివరికి చూడడమంటే 20 మీటర్ల నుంచి 70 మీటర్లకు దిగడమే. మీ సర్టిఫికెట్ అనుమతించేది 30 మీటర్లు. వినోదం కోసం చేసే డైవింగ్‌కు శిక్షణ సంస్థలు పెట్టిన గరిష్ఠ పరిమితి 40 మీటర్లు. ఆ కింద ఉన్నదంతా వేరే శిక్షణ, వేరే సామగ్రి, అవసరమైతే వేరే వాయు మిశ్రమాలు ఉన్నవారికి చెందిన ప్రాంతం.

ఇక గాలి లెక్క చూడండి. 12 లీటర్ల సిలిండర్‌ను 200 బార్ల పీడనానికి నింపితే అందులో 2400 లీటర్ల గాలి ఉంటుంది. ఎప్పుడూ మిగుల్చుకోవలసిన 50 బార్లను, అంటే 600 లీటర్లను తీసివేస్తే మనం వాడుకోగలిగేది 1800 లీటర్లు. ప్రశాంతంగా ఊపిరి పీల్చే మనిషి నీటి పైన నిమిషానికి 20 లీటర్లు వాడతాడనుకుందాము. ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది కనుక 20 మీటర్ల దగ్గర అతనికి నిమిషానికి 60 లీటర్లు, 40 మీటర్ల దగ్గర 100 లీటర్లు కావాలి. పైన గంటన్నర వచ్చే గాలి 20 మీటర్ల దగ్గర అరగంటకు, 40 మీటర్ల దగ్గర 18 నిమిషాలకు సరిపోతుంది. కొత్త చోట కంగారుపడే మనిషి ఇంతకంటే ఎక్కువే వాడతాడు. దిగడానికీ పైకి రావడానికీ పట్టే సమయం కూడా ఇందులోనే సర్దుకోవాలి.

గాలి సరిపోయినా నైట్రోజన్ ఒప్పుకోదు. పీడనం వల్ల రక్తంలోకీ కణజాలంలోకీ చేరిన నైట్రోజన్, తొందరపడి పైకి వస్తే బుడగలుగా మారి కీళ్లనూ వెన్నుపామునూ దెబ్బతీస్తుంది. దీనినే డీకంప్రెషన్ జబ్బు అంటారు. మధ్యలో ఆగకుండా నేరుగా పైకి రాగలిగేటంత సేపు అడుగున ఉండాలంటే, సాధారణంగా వాడే పట్టికల ప్రకారం 18 మీటర్ల దగ్గర గంటకు కొంచెం తక్కువ, 30 మీటర్ల దగ్గర 20 నిమిషాలు, 40 మీటర్ల దగ్గర పది నిమిషాల లోపే గడపాలి. అదే రోజు చేసే రెండవ డైవ్‌కు ఈ సమయం ఇంకా తగ్గుతుంది. దీనికి తోడు 30 మీటర్లు దాటాక నైట్రోజన్ మత్తు మొదలవుతుంది. మత్తు ఎక్కినట్టు మనిషికి తెలియకపోవడమే దానిలోని అసలు ప్రమాదం. గాలి మీటర్ చూసి, ఆ అంకెకు అర్థమేమిటో మరచిపోయినవారు ఉన్నారు.

అందువల్ల నా సలహా ఏమిటంటే, రాజధాని పోర్ట్ విలాలో గడపదలచిన రోజులను తగ్గించుకుని, ఓడ ఉన్న లూగన్‌విల్ పట్టణానికి కనీసం నాలుగు రోజులు ఇవ్వండి. ఓడ ఒడ్డుకు చాలా దగ్గరగా ఉన్నందున చాలా డైవ్‌లకు పడవ కూడా అక్కర్లేదు. తీరం నుంచే నడిచి నీటిలోకి దిగుతారు. మొదటి రోజు ముందు భాగాన్నీ, అక్కడి ఫిరంగినీ, విహార డెక్‌నూ చూడండి. సైనికులు వదిలి వెళ్లిన హెల్మెట్లు, తుపాకులు, గ్యాస్ ముసుగులు ఆ డెక్ మీద ఇప్పటికీ కనిపిస్తాయి. రెండవ రోజు ముందున్న సరుకు గదుల్లోని లారీలను, జీపులను చూడండి. ఆ తరువాత, మీరు నీటిలో ఎలా మసలుతున్నారో చూసిన గైడ్ ఒప్పుకుంటే, ఇంకొంచెం లోతుకు వెళ్లండి.

ఈ ఓడలో అందరూ వెతుక్కుంటూ వెళ్లేది 'ది లేడీ' అని పిలిచే శిల్ప ఫలకం. పాతకాలపు ఇంగ్లిష్ దుస్తుల్లో ఉన్న ఒక స్త్రీ, ఆమె పక్కన తెల్లని ఒంటికొమ్ము గుర్రం అందులో కనిపిస్తాయి. ఒకప్పుడు ఇది మొదటి తరగతి ప్రయాణికుల ధూమపాన మందిరంలో నెగడు పైన ఉండేది. భూకంపంలో ఊడిపడిన తరువాత డైవర్లు దానిని ఓడలోనే మరొక చోట నిలబెట్టారు. ఇప్పుడది దాదాపు 40 మీటర్ల లోతులో, ఓడ లోపల ఉంది. మీ దంపతులకు ఈ ప్రయాణంలో ఆమె దర్శనం కాకపోవచ్చు. డీప్ డైవర్ కోర్సు పూర్తి చేసి మరుసటి ఏడాది వెళ్లండి. మీరు ఉంటున్న బ్రిస్బేన్ నుంచి అది పెద్ద దూరమేమీ కాదు.

ప్రశ్న: అంత పెద్ద ఓడ రేవు ముఖద్వారంలోనే ఎలా మునిగింది? ముంచినది జపాన్ జలాంతర్గామి అని ఒకరు, అమెరికా వారి సొంత బాంబులే అని మరొకరు అంటున్నారు. ఏది నిజం?
— విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

సమాధానం: రెండవదే నిజం. జపాన్‌కు ఇందులో ప్రత్యక్షంగా ప్రమేయం లేదు.

ఈ ఓడను వర్జీనియాలోని న్యూపోర్ట్ న్యూస్ కర్మాగారంలో కట్టి 1931లో జలప్రవేశం చేయించారు. నామకరణం చేసినవారు మాజీ అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ భార్య గ్రేస్ కూలిడ్జ్. అది అమెరికాలో మద్యనిషేధం అమలులో ఉన్న కాలం కనుక షాంపేన్ బదులు వెర్మాంట్‌లోని కూలిడ్జ్ కుటుంబ పొలంలోని వాగు నీటిని సీసాలో పట్టి తెచ్చి వాడారు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి జపాన్, చైనా, ఫిలిప్పీన్స్ రేవులకు తిరిగే ఈ విలాస నౌకలో ఈత కొలనులు, సెలూన్, పెద్ద భోజనశాలలు ఉండేవి. యుద్ధం వచ్చిపడగానే 1941లో దానికి బూడిద రంగు పూసి, సైనికులను మోసే ఓడగా మార్చారు.

1942 అక్టోబరు 26 ఉదయం అది 5,340 మందితో శాంటో రేవును సమీపించింది. అప్పుడు ఆ దీవులు న్యూ హెబ్రిడీస్ పేరుతో బ్రిటిష్, ఫ్రెంచ్ ప్రభుత్వాల ఉమ్మడి పాలనలో ఉండేవి. సోలమన్ దీవుల్లో జపాన్‌తో సాగుతున్న గ్వాడల్‌కెనాల్ పోరుకు అవసరమైన అమెరికా స్థావరం అక్కడ వేగంగా పెరుగుతోంది. జపాన్ నౌకలు చొరబడకుండా అమెరికా నౌకాదళమే రేవు ప్రవేశ మార్గాల్లో మందుపాతరలు వేసింది. ఆ మందుపాతరల మధ్య నుంచి సురక్షితంగా వెళ్లే దారి ఎటువైపు ఉందన్న సమాచారం మాత్రం కూలిడ్జ్ కెప్టెన్ హెన్రీ నెల్సన్‌కు అందలేదు. ఓడ ఒకదాని వెంట ఒకటిగా రెండు మందుపాతరలను తాకింది. ఇక ఓడ దక్కదని గ్రహించిన నెల్సన్ దానిని నేరుగా తీరం వైపు తిప్పి పగడపు దిబ్బ మీదికి ఎక్కించి, అందరినీ దిగిపొమ్మని ఆదేశించాడు.

ఈ నిర్ణయం వల్లనే అన్ని వేల మందిలో మరణించినవారు ఇద్దరే అయ్యారు. తీరం ఎదురుగానే ఉంది, ఓడ దిబ్బ మీద ఆగి ఉంది, మళ్లీ వచ్చి సామాన్లు తీసుకోవచ్చునన్న నమ్మకంతో సైనికులు తమ వస్తువులు అక్కడే వదిలి తాళ్ల మీదుగా, నిచ్చెనల మీదుగా దిగారు. సుమారు గంటన్నరలో ఓడ పక్కకు ఒరిగి, దిబ్బ మీద నుంచి జారి మునిగిపోయింది. డైవర్లు ఈ రోజు చూసే హెల్మెట్లు, తుపాకులు అన్నీ ఆ నమ్మకంతో వదిలినవే. తరువాత జరిగిన సైనిక విచారణలో నెల్సన్ నిర్దోషిగా తేలాడు. అది న్యాయమైన తీర్పేనని నేను భావిస్తున్నాను. దారి చెప్పకుండా పిలిచి, దారి తప్పావని నిందించడం తగదు.

చరిత్ర ఉపాధ్యాయులు కనుక మీకు మరొక విషయం ఆసక్తి కలిగించవచ్చు. ఓడతో పాటు 591 పౌండ్ల, అంటే దాదాపు 268 కిలోల మలేరియా మందు క్వినైన్ కూడా మునిగింది. క్వినైన్‌కు మూలమైన సింకోనా తోటలకు పేరుపడిన జావా అదే ఏడాది జపాన్ చేతికి చిక్కింది. మలేరియాతో సైన్యాలు కూలిపోతున్న ఆ దీవుల్లో ఆ మందు పోవడం చిన్న నష్టం కాదు. (ఇప్పటికీ అక్కడ మలేరియా ఉంది. డైవింగ్‌కు వెళ్లేవారు మెఫ్లోక్విన్ మాత్రను తీసుకోకపోవడం మంచిది. తల తిరగడం వంటి దాని దుష్ప్రభావాలను డీకంప్రెషన్ జబ్బు లక్షణాలుగా పొరబడే అవకాశం ఉంది. వేరే మందు రాయమని వైద్యుని అడగండి.)

ప్రశ్న: ఓడ బయట ఈదడానికీ లోపలికి వెళ్లడానికీ అంత తేడా ఏముంటుంది? లోపలికి వెళ్లిన తలుపు గుండానే తిరిగి రావచ్చు కదా?
— ఇంజనీరింగ్ విద్యార్థిని, విశాఖపట్నం

సమాధానం: బయట ఉన్నప్పుడు ఏ ఇబ్బంది వచ్చినా ఆఖరి మార్గంగా పైకి వెళ్లవచ్చు. లోపల పైన ఉండేది ఉక్కు. అసలు తేడా అదే, మిగిలినవన్నీ దాని నుంచి పుట్టేవే.

'వెళ్లిన తలుపు గుండానే' అన్నారు. కూలిడ్జ్ ఒక పక్కకు పడుకుని ఉంది కనుక అక్కడ నేల గోడ అయింది, గోడ నేల అయింది. నడవా అనుకున్నది లోతుకు దిగే గుంత కావచ్చు, తలుపు మీ కాళ్ల కింద ఉండవచ్చు. పటం చూసి వెళ్లినవారు కూడా లోపల దిక్కు తప్పుతారు. దీనికి తోడు ఎనిమిది దశాబ్దాలుగా పేరుకున్న మెత్తటి బురద ఒకటి ఉంది. ఒక్కసారి కాళ్లకు తొడుక్కున్న ఫిన్‌ను కిందికి గట్టిగా కొడితే అది పిండి మరలో పిండిలా ఎగసి, టార్చి వెలుతురు కూడా చేతి దూరం దాటదు. మీరు వదిలే గాలి బుడగలు పైనున్న తుప్పును రాల్చి అదే పని చేస్తాయి. అందుకే లోపలికి వెళ్లేవారు కప్పలాగా కాళ్లను పక్కలకు తన్నే పద్ధతిని ముందే సాధన చేస్తారు, వెలుతురు కనిపించే పరిధి దాటితే రీలు నుంచి తాడు విడుస్తూ వెళ్తారు, ఒకటి పాడైతే ఉపయోగపడేటట్టు రెండు మూడు టార్చీలు దగ్గర పెట్టుకుంటారు.

గాలికి కూడా వేరే సూత్రం వర్తిస్తుంది. ఉన్న గాలిలో మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మిగిలిన మూడో వంతు మీకో మీ జతగాడికో ఆపద వస్తే వాడుకోవడానికి. పైన చెప్పిన 2400 లీటర్ల సిలిండర్‌తో 30 మీటర్ల లోతులో లెక్కవేస్తే, వెళ్లడానికి దొరికేది పది నిమిషాలే. ఆ పది నిమిషాలు పూర్తి కాగానే ఎదుట ఎంత అద్భుతం ఉన్నా వెనక్కి తిరగాలి. ఈ ఒక్క క్రమశిక్షణ లేనివారు ఎంత బాగా ఈదగలిగినా ఓడ లోపలికి తగరు.

మీరు తెలుసుకోవలసినది మరొకటి ఉంది. ఉప్పునీటిలో ఉక్కు క్రమంగా పలచబడుతోంది, భూకంపాలు అక్కడ కొత్త కాదు, కొన్ని గదుల గోడలు ఇప్పటికే కూలాయి. పదేళ్ల కిందటి వీడియోలో చూసిన దారి ఇప్పుడు ఉంటుందని అనుకోవద్దు. ఈ ఓడ దగ్గర గైడ్ లేకుండా దిగవద్దని చెప్పడానికి ముఖ్య కారణం ఇదే. 1969 నుంచి దశాబ్దాల పాటు అక్కడే స్థిరపడి వేలాది డైవర్లకు ఈ ఓడను చూపిన ఆలన్ పవర్ దగ్గర పని నేర్చుకున్న స్థానిక గైడ్లకు ఓడలోని ప్రతి మూలా తెలుసు. వారిలో ఒకరు 'వెనక్కి' అని బొటనవేలు చూపితే వాదించవద్దు.

ప్రశ్న: నా వయసు 52. రక్తపోటుకు మందు వాడుతున్నాను, ఈత అంతంతమాత్రం. మా అబ్బాయితో కలిసి ఇటువంటి ఓడను చూడాలని ఉంది. సాధ్యమేనా?
— ఒక గృహిణి, ఖమ్మం

సమాధానం: వయసు అడ్డు కాదమ్మా. రక్తపోటు మందుతో అదుపులో ఉంటే, డైవింగ్ వైద్యం తెలిసిన డాక్టర్ పరీక్షించి ఒప్పుకుంటే కోర్సులో చేరవచ్చు. ఉబ్బసం, మూర్ఛ, గుండె జబ్బు, చెవి కర్ణభేరికి చిల్లు వంటివి ఉంటే దాచకుండా చెప్పాలి. ఈత మాత్రం ముందు బాగా నేర్చుకోండి. ఓపెన్ వాటర్ కోర్సులో 200 మీటర్లు ఈదడం, పది నిమిషాలు నీటిలో తేలడం తప్పనిసరి. స్విమ్మింగ్ పూల్‌లో మొదలుపెట్టి, ఆ తరువాత అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్, పుదుచ్చేరి, కర్ణాటక తీరంలోని నేత్రాణి, మన విశాఖ ఋషికొండ వంటి చోట్ల సముద్రానికి అలవాటుపడండి. కూలిడ్జ్‌ను మీ మొదటి ఓడగా పెట్టుకోవద్దు. సైప్రస్‌లోని లార్నకా తీరాన 1980లో దాదాపు వంద లారీలతో మునిగిన జెనోబియా ఫెర్రీ పై అంచు 17 మీటర్ల దగ్గరే మొదలవుతుంది. ఇటువంటి ఓడను బయటి నుంచి చూసినా మనసు నిండుతుంది.

ప్రశ్న: ఓడ నుంచి చిన్న సీసానో నాణెమో గుర్తుగా తెచ్చుకుంటే తప్పేమిటి? ఎలాగూ తుప్పుపట్టి పోయేవే కదా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: చట్టరీత్యా నేరం. 1970 దశకంలో ఓడ ప్రొపెల్లర్లనూ చమురునూ పైకి తీశారు కానీ, 1983లో వనువాటు ప్రభుత్వం ఓడ నుంచి ఏ వస్తువునూ తీయరాదని నిషేధించింది. అందుకే మందుల గదిలో సీసాలు, విహార డెక్ మీద తుపాకులు ఇంకా మిగిలాయి. ఒక్కొక్కరు ఒక్కొక్క సీసా తెచ్చుకుని ఉంటే మీరు చూడడానికి ఖాళీ ఇనుప పెట్టె మాత్రమే ఉండేది.

చట్టాన్ని పక్కన పెట్టినా, అది ఒక మనిషి సమాధిగా ఉన్న చోటు. మరణించిన ఇద్దరిలో ఒకరు పేలుడు జరిగిన ఇంజిన్ విభాగంలో పనిచేస్తున్న రాబర్ట్ రీడ్. రెండవవారు సైనిక కెప్టెన్ ఎల్‌వుడ్ యూఆర్ట్. ఆయన తప్పించుకోగలిగి ఉండి కూడా, ఓడలోని ఆసుపత్రిలో కొందరు చిక్కుకున్నారని విని వెనక్కి వెళ్లి, వారిని తాడు సాయంతో పైకి పంపి, తాను మాత్రం ఓడతో పాటే మునిగిపోయారు. ఆయన అవశేషాలు 2012లో డైవర్ల కంట పడ్డాయి. 2016లో ఆయన సొంత రాష్ట్రం రోడ్ ఐలాండ్‌లో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. అంతకుముందు దశాబ్దాల పాటు డైవర్లు ఆయనకు కొన్ని మీటర్ల దూరంలో ఈదుతూనే ఉన్నారు. వస్తువులను కదపకుండా వదిలేయడం ఎందుకో దీనికంటే స్పష్టంగా నేను చెప్పలేను.

ప్రశ్న: మన విశాఖ తీరంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని ఇలాగే డైవర్లు చూసే ఏర్పాటు ఎందుకు చేయరు?
— ఒక పాఠకుడు, గాజువాక

సమాధానం: 1971 డిసెంబరు 3-4 రాత్రి విశాఖపట్నం ఎదుట మునిగిన ఘాజీలో ఉన్నవారెవరూ బ్రతకలేదు. కూలిడ్జ్ నుంచి దాదాపు అందరూ బయటపడ్డారు, ఘాజీలో అందరూ లోపలే ఉండిపోయారు. అది శత్రుదేశపు నౌకే అయినా, మృతుల పట్ల గౌరవంతో భారత నౌకాదళం దానిని పైకి తీయకుండా అక్కడే వదిలేసింది. పైగా అది తూర్పు నౌకాదళ కేంద్రానికి ఎదురుగా ఉన్న జలాలు. వినోద డైవింగ్‌కు అది తగిన చోటు కాదని నా అభిప్రాయం. జలాంతర్గామి లోపల ఎలా ఉంటుందో చూడాలంటే రామకృష్ణా బీచ్‌లోని కురుసురా ప్రదర్శనశాల ఉండనే ఉంది.

ప్రశ్న: రాత్రి పూట కూలిడ్జ్ డైవ్ చేయడం వల్ల ప్రత్యేకంగా ఏమి కనిపిస్తుంది? ఆఖరి రోజు రాత్రి డైవ్ చేసి మరునాడు ఉదయం విమానం ఎక్కవచ్చునా?
— ఒక పాఠకురాలు, సిడ్నీ

సమాధానం: ఓడ సరుకు గదుల చీకటిలో ఫ్లాష్‌లైట్ చేపలు గుంపులుగా ఉంటాయి. వాటి కళ్ల కింద ఉన్న సంచుల్లో వెలుగునిచ్చే బాక్టీరియా నివసిస్తుంది. చేప ఆ సంచిని మూస్తూ తెరుస్తూ ఉంటే వెలుగు మినుకుమినుకుమంటుంది. వెన్నెల లేని రాత్రి గైడ్ అందరి టార్చీలనూ ఆర్పించి గది ముంగిట ఆగితే వందలాది నీలి చుక్కలు కదులుతూ కనిపిస్తాయి. పగటి డైవ్‌లలో ఓడను బాగా తెలుసుకున్న తరువాతే దీనికి వెళ్లండి.

విమానం సంగతికి వస్తే, ఎక్కకూడదు. వరుసగా కొన్ని రోజులు డైవ్ చేసినవారు చివరి డైవ్ తరువాత కనీసం 18 గంటలు, పైకి వస్తూ డీకంప్రెషన్ కోసం ఆగవలసి వచ్చినవారు కనీసం 24 గంటలు విమానం ఎక్కకుండా ఉండాలి. కూలిడ్జ్ లోతు డైవ్‌లలో ఇలా ఆగడం మామూలే. ఒడ్డు దగ్గరి పగడాల తోటలో చేపలు చూస్తూ ఆ సమయం గడుపుతారు. లూగన్‌విల్ నుంచి పోర్ట్ విలాకు వెళ్లే చిన్న విమానానికి కూడా ఈ నియమం వర్తిస్తుంది, దానిని చాలామంది లెక్కలోకి తీసుకోరు. రాత్రి డైవ్‌ను ఆఖరి రోజుకు ఒకటి రెండు రోజుల ముందుకు జరుపుకోండి, టికెట్లు దానిని బట్టి కొనుక్కోండి, డైవింగ్‌కు వర్తించే బీమాను సిడ్నీలో బయలుదేరక ముందే తీసుకోండి.